పెదవుల మధ్య గుండుసూది

“ఆ సూదులు నోట్లోంచి తీసెయ్ సొలాంజ్. నీ పెదవులు కనపడకపోతే నాకు మాట రాదు” అన్నాడు ఎద్మోన్.

అతను గడ్డానికి సబ్బు పట్టించుకుని వంటింట్లో చిన్న అద్దం ముందు నిలబడి ఉన్నాడు. సొలాంజ్ కిటికీ దగ్గర కూర్చుని కెప్టెన్ కోటు అంచు మడిచి కుడుతోంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఆ కోటు కావాలి. పెదవుల మధ్య ఐదు గుండుసూదులు పట్టుకుని ఉంది. కుట్టేవాళ్ళందరూ అలాగే పట్టుకుంటారు, ఉన్నవి రెండే చేతులు కాబట్టి. ఆమె సూదులు తీసి బల్ల మీద పెట్టింది.

“‘ఆ తెల్లవారుజామున గాలి పడమటి నుంచి...’” అని ఆగి, అద్దంలోంచి ఆమె వైపు చూశాడు.

ఆమె పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. ‘ఉత్తరం నుంచి.’

“‘గాలి ఉత్తరం నుంచి తిరిగింది. మేం పదకొండు మందిమి’” అన్నాడు అతను, తనకే గుర్తొచ్చినట్టు, గొంతులో కాస్త వణుకు కూడా కలిపి. తర్వాత కత్తి గడ్డానికి ఆనించి, కాఫీ చల్లారిపోయిందన్నాడు.

ఆమె లేచి కాఫీ వేడిచేసింది. కోటు ఒళ్ళోంచి జారి కిందపడింది. తీసుకుని మళ్ళీ కూర్చుంది. కూర్చోలేకపోయింది. నాలుగు రోజులుగా ఆమెకి ఎక్కడా కుదురు లేదు. లేచి కిటికీ తీస్తుంది, నది మీంచి తడిగాలి కొడుతుంది, మూసేస్తుంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతుంది. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి, దేనికి వచ్చిందో తెలియక తిరిగొస్తుంది. ఎవరైనా మాట్లాడుతుంటే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పన్ను నొప్పా అని రొట్టెల కొట్టు ఆవిడ అడిగింది. అవునంది.

ఎద్మోన్ కర్వలె నాటక కంపెనీ అంటే నాంత్ ఊరి నుంచి సముద్రం దాకా తెలియనివాళ్ళు తక్కువ. ఏడుగురు మనుషులు, ఒక లారీ, నాలుగు నాటకాలు. అన్నిట్లో పేరున్నది కెప్టెన్ నాటకం. ఓడ మునిగి, తనొక్కడే బతికి ఇంటికొచ్చిన ముసలి కెప్టెన్ మూడో అంకంలో కిటికీ దగ్గర నిలబడి పెళ్ళానికి, అంటే ఆ వేషం వేసే సొలాంజ్‌కి, ఆ సంగతి చెప్తాడు. పేజీన్నర పోర్షన్. మధ్యమధ్య ఆగుతాడు. ఆ ఆగడం చూడ్డానికే జనం వస్తారు. కర్వలె మాట్లాడినప్పటికంటే ఆగినప్పుడే ఎక్కువ వినపడతాడని పేపర్లో రాశారు. ఆ ముక్క కత్తిరించి, ఎద్మోన్ తల్లి ఒనొరీన్ గారు అద్దం కట్టించి ముందుగదిలో వేలాడదీసింది. వచ్చినవాళ్ళు కూర్చోకముందే అది చూపిస్తుంది.

ఆ ఆగడం ఏమిటో సొలాంజ్‌కి తెలుసు. అతనికి తర్వాతి మాట గుర్తుండదు. అంతే.

పెళ్ళయిన మొదటి ఏడు, కెంపేర్ ఊళ్ళో మొదలైంది. ఆమెకి ఇరవై అయిదేళ్ళు. స్టేజి మీద ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. అతని కళ్ళు ఉన్నట్టుండి నీళ్ళలో మునిగేవాడి కళ్ళయిపోయాయి. నాటకం రాతప్రతులు అందరికీ చేత్తో రాసిపెట్టింది ఆమే కాబట్టి అందరి మాటలూ ఆమెకి వచ్చు. పెదవులు ఊరికే కదిలించింది. అతను అందుకున్నాడు. తెర పడ్డాక స్టేజి పక్కన వింగ్‌లో ఆమె మణికట్లు రెండూ పట్టుకుని, “ఎవరికీ తెలియక్కర్లేదు, కదూ” అన్నాడు. ఆ వయసులో ఆమెకి అది ప్రేమలాగే వినపడింది. ఇద్దరి మధ్యా ఒక రహస్యం, మూడో మనిషికి లేనిది. మరుసటి నెల అతను, మాట మర్చిపోతే అందించే ముసలి ప్రాంప్టర్‌ని పని మాన్పించాడు. స్టేజి ముందు ప్రాంప్టర్ కూర్చునే గుంట మీద పలకలు కొట్టించాడు. నా కంపెనీలో అందరికీ కంఠతా ఉంటుంది, మాకు ఆ గుంటతో పని లేదని ఊరూరా చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో నాటకంలో, ముఖ్యమైన ఒక్కో సీనులో, ఆమెని తిప్పి నిలబెట్టాడు. ఆమె ముఖం అతనికి కనపడాలి. అంటే జనానికి కనపడకూడదు. అలా ఇరవై ఒక్క ఏళ్ళు జనం ఆమె వీపు చూశారు. మదాం కర్వలె వీపు చక్కగా వింటుందని ఒకాయన పేపర్లో రాస్తే, ఎద్మోన్ దాన్ని భోజనాల దగ్గర చదివి అందర్నీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది, అతని మీద కాదు, నవ్విన తన మీద.

నాటక పాఠశాలలో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల సొలాంజ్ త్రెగియే. ఇప్పుడు పోస్టర్ మీద ఎద్మోన్ పేరు అరచెయ్యంత అక్షరాలతో ఉంటుంది, దాని కింద మిగతావాళ్ళు, అందరి కిందా ‘ఇంకా మదాం కర్వలె’. కోట్లు కుట్టేది, విగ్గులు దువ్వేది, ఊరూరా గదులు వెతికేది, లారీలో ఏది ముందు ఎక్కాలో చెప్పేది, ఆట అయ్యాక ఏడుగురికీ గుడ్లు కొట్టి అట్టు వేసేది ఆ ఇంకానే. “నువ్వు లేకపోతే కంపెనీ లేదు” అంటాడు ఎద్మోన్ అందరి ముందూ. ఆ మాట చివర ఎప్పుడూ ఒక పని ఉంటుంది. నువ్వు లేకపోతే కంపెనీ లేదు, ఆ ఉప్పు ఇలా అందించు.

ఇలాగే అయిపోయేదేమో. కానీ సెప్టెంబరులో పారిస్ నుంచి జీల్ బరాస్ అనే సినిమా డైరెక్టర్ ఒకడు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుండవు. హాలు నిండిపోయి, పక్కగోడని ఆనుకుని ఉండే బాక్సులో చోటు దొరికింది. ఎవరూ కోరి కూర్చోని చోటు అది, సగం స్టేజి కనపడదు. అయితే అక్కణ్ణుంచి అతనికి ఆమె ముఖం కనపడింది. కెప్టెన్ కనపళ్ళేదు. వారానికి ఉత్తరం వచ్చింది, మదాం సొలాంజ్ త్రెగియే గారికి అని. పుట్టింటి పేరు ఎవర్ని అడిగి తెలుసుకున్నాడో. సార్డీన్ చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆడమనిషి కథ. సినిమా అంతా ఆవిడే. జనవరిలో మొదలై తొమ్మిది వారాలు షూటింగ్. ఒకసారి వచ్చి కెమెరా ముందు నిలబడి చూపిస్తారా అని, ఒక సీను కాగితం కూడా జతచేసి అడిగాడు.

ఎద్మోన్‌కి చూపించింది. “నలభై ఆరేళ్ళకి సినిమానా? వెళ్ళు, వెళ్ళు. స్టూడియో చూసినట్టుంటుంది. మంచి టోపీ పెట్టుకో” అన్నాడు. వెళ్ళింది.

అక్కడ జరిగింది ఆమె ఎవరికీ చెప్పలేదు. స్టూడియోలో ఒక వంటింటి సెట్. బల్ల మీద చేపలు, కత్తి. ఆమె చేపలు బాగుచేస్తూ ఉండాలి, మొగుడి వేషం వేసినతను తలుపు దగ్గర నిలబడి తను ఎందుకు వెళ్ళిపోతున్నాడో చెప్పాలి. ఆమె వినాలి. అంతే పని. చేపలు బాగుచెయ్యడం ఆమెకి కొత్త కాదు, వినడం అసలే కొత్త కాదు. ఆ మొగుడు నాలుగు మాటలు అన్నాడో లేదో జీల్ ఆపమన్నాడు. అతను మళ్ళీ మొదలుపెట్టాడు, జీల్ మళ్ళీ ఆపాడు. మూడోసారి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “మదాం, అతను మాట్లాడుతుంటే మీ పెదవులు కదులుతున్నాయి” అన్నాడు.

ఆమె క్షమించమంది. ఏడుసార్లు తీశారు. ఏడుసార్లూ కదిలాయి. ఆ మొగుడి మాటలు కూడా రైల్లోనే కంఠతా పట్టేసింది, ఎవరూ అడక్కుండానే. మర్నాడు ఉదయం ఒక చిన్న హాల్లో ఆ బిట్లు వేసి చూపించారు. గోడంత ముఖం. అది తన ముఖమే, ఇరవై ఏళ్ళుగా తను కూడా సరిగా చూసుకోనిది. కళ్ళు బాగున్నాయి, తను అనుకున్నదానికంటే బాగున్నాయి. కింద మాత్రం ఆ నోరు, తెరుచుకుంటూ మూసుకుంటూ, మగవాడు ఒక మాట అనేలోపే ఆ మాటని ముందే నమిలి తినిపిస్తున్నట్టు. వెనక వరసలో కెమెరా కుర్రాళ్ళలో ఒకడు, “చేపలు బల్ల మీద ఉన్నాయనుకున్నాను” అన్నాడు. ఇంకొకడు దగ్గు వచ్చినట్టు నవ్వు మింగాడు.

జీల్ నవ్వలేదు. “నాకు ఈ కళ్ళు కావాలి. పది రోజులు టైమిస్తాను. వచ్చే మంగళవారం కాదు, ఆపై మంగళవారం రండి. ఆ పెదవులు నిలిస్తే పాత్ర మీది. నిలవకపోతే నేను ఇంకొకరిని చూసుకోవాలి, మీరేమీ అనుకోవద్దు” అన్నాడు. చేయి కలిపి, “ఇదెక్కడ అలవాటైంది మదాం?” అన్నాడు.

ఆమె చెప్పలేదు. చెప్తే ఎద్మోన్ పరువు పోతుంది. ఆ క్షణంలో కూడా ఆమెకి ముందు తట్టింది అదే. తిరిగొచ్చే రైలు అద్దంలో తన ముఖం పొలాల మీదుగా పరిగెడుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. ఎదుటి సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అద్దంలో నోరు కదులుతోంది. ఆదివారం చర్చిలో ఫాదర్ చెప్తుంటే కదిలింది. రేడియోలో వార్తలకి కదిలింది. అత్తగారు, “ఈ సూపులో...” అనేలోపే ‘ఉప్పు తక్కువైంది’ అని కదిలింది. వేళ్ళతో పట్టుకుంటే వేళ్ళ కింద కదిలింది. అప్పుడు ఆమెకి భయం వేసింది. ఇన్నేళ్ళూ తను వింటున్నానే అనుకుంది. వినలేదు. ఎదుటివాళ్ళు ఏమంటారో ముందే తయారుగా ఉండటం, జారిపడబోయేవాడి కింద చేతులు చాచి ఉండటం, అదే చేసింది. చేతులు అలా చాచి ఉన్న మనిషి దేన్ని చూస్తుంది, దేని గురించి ఆలోచిస్తుంది? ఇరవై ఒక్క ఏళ్ళలో తనకంటూ ఒక్క మౌనం లేదు. ఆయన మౌనానికి అద్దం కట్టించారు. తన నోరు మూతపడిందే లేదు, అందులోంచి ఒక్క మాటా రాలేదు.

ఇంట్లో సాధన చేస్తే పోయేది కాదని తెలిసిపోయింది. ఎక్కడ అలవాటైందో అక్కడే పోవాలి. మంగళవారానికి ముందు ఉన్నది ఒక్క ఆట, ఆదివారం మధ్యాహ్నం.

అందుకే ఈ బుధవారం పొద్దున, అతనికి కాఫీ వేడిచేసి ఇచ్చి, ఆమె ఆ మాట చెప్పేసింది.

“ఆదివారం నేను మాట అందించను. నీ పోర్షన్ నువ్వు చూసుకో. లేదంటే ఆ గుంట మీద పలకలు తీయించి మనిషిని పెట్టుకో. నాలుగు రోజులుంది.”

ఎద్మోన్ గడ్డం తుడుచుకుంటున్నవాడు తువ్వాలు దించాడు. ముందు నవ్వాడు. స్టూడియోలో ఎవరో బుర్ర తినేశారన్నాడు. తర్వాత నవ్వు ఆపాడు. పలకలు తీయిస్తే ఊరంతా ఏమనుకుంటుంది అన్నాడు. జనవరిలో మన టూర్ ఉంది, నీకు సినిమా ఏమిటి, నేను సంతకం పెట్టను అన్నాడు.

“నీ సంతకం అక్కర్లేదు” అంది సొలాంజ్. “ఫిబ్రవరి నుంచి చట్టం మారింది. పెళ్ళాం పనికి వెళ్తానంటే మొగుడు ఆపలేడు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“లెయొంతీన్.”

“బట్టలు మడతపెట్టే మనిషి చట్టాలు చెప్తోందా?”

“స్టేజి చెప్పులు పాత పేపర్లో చుడుతుంది కదా. చుట్టేముందు చదువుతుంది.”

అతను తువ్వాలు మడిచి కుర్చీ మీద వేశాడు. తర్వాత దగ్గరికొచ్చి, చిన్నపిల్ల దగ్గర కూర్చున్నట్టు కూర్చుని, మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

“నువ్వు అందించకుండా ఉండలేవు సొలాంజ్. నీకు తెలుసు. నేను ఆగగానే నీ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నువ్వు అలా తయారయ్యావు. అది నీ మంచితనం.”

అతను పొరపాటు పడలేదు. ఆమెకి ఆ సంగతి అతని కంటే బాగా తెలుసు. గోడంత ముఖం మీద చూసింది.

అత్తగారికి అన్నీ వినపడతాయి. ఎద్మోన్ బయటికి వెళ్ళగానే కర్ర తాటించుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. “మీ మామగారి రొట్టెల కొట్లో నలభై ఏళ్ళు పిండి పిసికాను నేను. తెల్లారి మూడింటికి లేచేదాన్ని. కొట్టు మీద బోర్డు ఆయనది. కర్వలె రొట్టె అనేవాళ్ళు ఊళ్ళో. నేనెప్పుడైనా నోరెత్తానా?” అంది.

“ఎత్తాలనిపించలేదా అమ్మా, ఎప్పుడూ?” అని అడిగింది సొలాంజ్. ఎత్తిపొడుపుగా కాదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంది. ఆమె నోరు ఈసారి ముందుగా కదల్లేదు, ఎందుకంటే ఆవిడ ఏమంటుందో ఆమెకి తెలియదు.

ఒనొరీన్ గారు కర్ర బల్లకి ఆనించింది. తన వేళ్ళు చూసుకుంది. కణుపులు ఉబ్బి, వంకరపోయి, ఇప్పటికీ ఏదో ముద్దని పట్టుకున్నట్టే ఉంటాయవి. తర్వాత లేచి, సూపులో ఉప్పు తక్కువైందని వెళ్ళిపోయింది. పొయ్యి మీద సూపు లేదు ఆ పూట.

శుక్రవారం సొలాంజ్ అతని పోర్షన్ పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీద పెట్టింది. కూర్చో, ఇద్దరం చూద్దాం, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది అంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని కెఫేకి వెళ్ళాడు. శనివారం అతని కోటు ఇస్త్రీ చేస్తే జేబులో కాగితం అలాగే ఉంది, మడత విప్పకుండా. లెయొంతీన్ని పుస్తకం పట్టుకుని వింగ్‌లో నిలబెడదామంటే, బాక్సుల్లోవాళ్ళకి కనపడుతుందని ఎద్మోన్ ఒప్పుకోలేదు. అతనికి ఆమె మీద నమ్మకం. అంత నమ్మకం ఆమె మీద ఈ లోకంలో ఇంకెవరికీ లేదు.

ఆదివారం గ్రీన్ రూమ్‌లో లెయొంతీన్ సొలాంజ్ గౌను వెనక బొత్తాలు పెడుతోంది. నోటినిండా గుండుసూదులు. ఈ కంపెనీలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మనిషి, మాట తక్కువ. సొలాంజ్ మాటిమాటికీ పెదవులు తడుముకోవడం చూసింది. ఏమైందని అడగలేదు. ఎప్పటినుంచో ఆవిడకి తెలుసని సొలాంజ్‌కి అప్పుడర్థమైంది. వింగ్‌లో నిలబడేవాళ్ళకి ముఖాలు కనపడతాయి.

“తెరుచుకుంటుందేమో లెయొంతీన్. ఆయన ఆగగానే దానంతటదే తెరుచుకుంటుందేమో.”

లెయొంతీన్ సూదులన్నీ అరచేతిలోకి తీసుకుంది. “ఈ కంపెనీలో ఎవరు ఎవరి గదిలోంచి వచ్చారో అన్నీ చూశాను. ఒక్కటీ బయటికి పోలేదు. నాకేదో గుణం అనుకుంటారు. గుణం కాదు. ఇవి నోట్లో ఉంటే మాట రాదు” అని, ఒక సూది తీసి సొలాంజ్ శాలువా లోపలివైపు గుచ్చింది.

మూడు గంటలకి ఎద్మోన్ ఎర్ర మఖమల్ చుట్టిన కర్ర తీసుకుని స్టేజి పలకల మీద గబగబా దెబ్బలు వేశాడు, తర్వాత నెమ్మదిగా మూడు, ఆట మొదలవుతోందని. ఆ మూడు దెబ్బలు అతను ఎప్పుడూ ఇంకొకరి చేత వేయించడు. తెర లేచింది. మొదటి రెండు అంకాలూ సాగిపోయాయి. వాటిల్లో కెప్టెన్ మాటలు పొట్టివి, మిగతావాళ్ళు అటూ ఇటూ నెట్టుకొస్తారు. హాలు నిండా జనం. ముందు వరసలో ఒనొరీన్ గారు నల్ల టోపీతో.

మూడో అంకం ముందు సొలాంజ్ వింగ్ చీకట్లో శాలువా లోంచి ఆ సూది తీసింది. మొన లోపలికి, తల బయటికి పెట్టి పెదవులు బిగించింది. ఇనుము రుచి. స్టేజి మీదికి నడిచి, ఎప్పుడూ నిలబడే చోట, జనానికి వీపు పెట్టి నిలబడింది. వీపు వాళ్ళకి అలవాటే.

ఎద్మోన్ కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు. గొప్పగా మొదలుపెట్టాడు. ఆ గొంతు నిజంగానే మంచి గొంతు. “‘ఆ తెల్లవారుజామున గాలి ఉత్తరం నుంచి తిరిగింది. మేం పదకొండు మందిమి...’”

ఆగాడు. అలవాటుగా ఆమె నోటి వైపు చూశాడు. దీపం వెలుగు సూది తల మీద పడింది.

‘పడవలో చోటు తొమ్మిది మందికే.’ ఆ మాటలు ఆమె గొంతులోంచి పైకి వచ్చేశాయి. నాలుక కదిలింది. పెదవులు తెరుచుకోబోయాయి, అతను చెప్పినట్టే, దానంతటదే. సూది మొన నాలుక చివర దిగింది. ఆమె పెదవులు బిగించింది. మాటలు పళ్ళ వెనక తోసుకుంటున్నాయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, ఇరవై ఒక్క ఏళ్ళ మాటలు. అతని నుదుటి మీద మేకప్ కిందనుంచి చెమట దారి చేసుకుని వస్తోంది. హాల్లో చప్పుడు లేదు. జనం ఆనందంగా ఎదురుచూస్తున్నారు, కర్వలె ఆగాడని. ఆ ఆగడం పొడుగైంది. ఎవరో కుర్చీలో కదిలారు. ఇంకా పొడుగైంది. అప్పుడు అతను ఆమె నోరు వదిలేసి ఆమె కళ్ళలోకి చూశాడు. స్టేజి మీద అతను ఆమె కళ్ళు చూడటం అదే మొదటిసారి. వాటిలో కోపం లేదు. ఏమీ అందించని కళ్ళు, అంతే. వాటిని అతను గుర్తుపట్టలేదు.

“నాకు గుర్తు లేదు” అన్నాడు ఎద్మోన్.

అది కెప్టెన్ గొంతు కాదు. వంటింట్లో చెప్పులెక్కడున్నాయని అడిగే గొంతు. నాటకంలో ఆ మాట లేదు. హాలు ఊపిరి బిగబట్టింది. ఎవరో ఆడమనిషి వెక్కింది. బాల్కనీలో ఒకరు చప్పట్లు కొట్టారు, ఆపైన అందరూ, లేచి నిలబడి. ఓడ పోగొట్టుకున్న ముసలివాడు చెప్పగలిగింది అదొక్కటే కదా అనుకున్నారు. ఎద్మోన్ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. గడ్డం కాస్త పైకి లేచింది. తను పడిపోలేదని, ఇంకా పైకి లేచానని అతనికి తెలుస్తోంది, ఆమె కళ్ళ ముందే.

సొలాంజ్‌కి ఏడుపు రావాలి. నవ్వు వచ్చింది, అదీ లోపలే. ఆయన గెలిచినా ఓడినా అది ఆయన గొడవ. తన పెదవులు కదల్లేదు. ఆమెకి కావలసింది అదొక్కటే, అది దొరికింది.

చప్పట్లు ఇంకా మోగుతుండగానే సూది తీసి శాలువాకి గుచ్చింది. ఇక ఆమె మాట. కెప్టెన్ పెళ్ళానికి ఆ సీనులో ఉన్నది ఒకటే మాట. ఇన్నేళ్ళూ దాన్ని వెనకగోడకి చెప్పింది. ఇప్పుడు తిరిగింది. జనానికి ఎదురుగా తిరిగి నిలబడింది. దీపాలు ముఖం మీద పడితే ఇంత వేడిగా ఉంటాయని మర్చిపోయింది. చప్పట్లు తగ్గేదాకా ఆగింది. ఎంతసేపు ఆగాలో తనే అనుకుని ఆగింది.

“‘మిగతా పదిమంది పెళ్ళాలకి ఎవరు చెప్తారు?’” అంది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నిలబడే ఉన్నారు, ఎలా కూర్చోవాలో తెలియనట్టు. ముందు వరసలో ఒనొరీన్ గారు నల్ల టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గ్రీన్ రూమ్‌లో ఎద్మోన్ గాల్లో తేలుతున్నాడు. “చూశావా? ఇక అలాగే ఉంచేద్దాం. ‘నాకు గుర్తు లేదు.’ అంతే. మిగతాదంతా కొట్టేద్దాం. నువ్వు ఆ సూది కూడా ఉంచు, నాకు అక్కడ బాగా కుదిరింది” అన్నాడు. ఆమె ముఖానికి క్రీము రాసుకుని మేకప్ తుడుచుకుంటోంది. నాలుక చివర ఇంకా మండుతోంది. జనవరికి ఇంకొక ఆవిడని చూసుకొమ్మని చెప్పింది. కోటు అంచు మళ్ళీ ఊడింది, అది కూడా ఆవిడకే చెప్పమంది.

మంగళవారం తెల్లవారుజామున స్టేషన్‌కి బయల్దేరుతుంటే వంటింటి బల్ల మీద గుడ్డలో చుట్టిన రొట్టె, వెన్న కనపడ్డాయి. అత్తగారి గది తలుపు వేసి ఉంది. ఇంట్లో రొట్టె కాల్చి పదేళ్ళయింది. అది ఇంకా వేడిగా ఉంది.

స్టూడియోలో అదే వంటింటి సెట్, కొత్త చేపలు. మొగుడి మాటలు మాత్రం కొత్తగా రాశానన్నాడు జీల్. ఆమె జీల్‌ని ఒక్కటే అడిగింది. సీను కాగితం మార్చేశానన్నావు కదా, అందులో నా మాటలొక్కటే నాకివ్వు, అతనివి నాకొద్దు అంది. కత్తెర తెచ్చి అక్కడే కత్తిరించి ఇచ్చాడు. ఆమె చేతిలో మిగిలింది వేలెడంత కాగితం, మూడు మాటలు. గుండుసూది తెచ్చుకుంది, శాలువాకే ఉంది. దాని జోలికి వెళ్ళలేదు.

దీపాలు వేశారు. ఆమె చేపని చేతిలోకి తీసుకుంది. తలుపు దగ్గర ఆ మొగుడు గొంతు సవరించుకుని మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఎవరూ ఆపమనలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఈ మగవాడు తర్వాత ఏమంటాడో ఆమెకి తెలియదు, ఒకవేళ ఇతను మధ్యలో ఆగిపోతే ఆగిపోతాడు, అని చేపని పక్కన పెట్టి, తలెత్తి, సొలాంజ్ త్రెగియే వినసాగింది.